తగ్గించడానికి వీల్లేని హాయి

సజ్జ విత్తిన వారం

రెవర్బ్ ముప్పై, కోరస్ పది, డిలే సున్నా, హాయి సున్నా.

ఆ చివరి మాట కొత్తది. నిన్నటిదాకా మా కీబోర్డులో అది లేదు.

రాత్రి పని ముగించి పొలం నుంచి దిగేసరికి తూర్పు తెల్లబడుతోంది. ఎండ ముదరకముందే ఇనుప తలుపులు వేసేశారు. కాళ్లు తుడుచుకుని, ఇంత తిని, పిల్లలు పడుకోకముందే పాట చెప్పాలని బడికి వెళ్లాను. కీబోర్డు మీద రోజూ పేరుకునే బొగ్గుపొడిని తడిగుడ్డతో తుడిచి స్విచ్ వేస్తే, 'మార్పులు జరిగాయి, ధన్యవాదాలు' అని తెర మీద పడింది. ఆ మార్పులు చేసింది గాలి మండలి. మా దిగువపేటలో ఫ్యాన్లు, తలుపులు, దీపాలు, స్పీకర్లు, తీగ తగిలిన ప్రతి వస్తువూ వాళ్ల చేతిలోనే ఉంటుంది. పాత బొగ్గు సొరంగాల్లో మనుషులు బతకాలంటే పైనుంచి గాలి లాగాలి. ఆ లాగేవాళ్ల మాటకు ఎదురులేదు.

నా పేరు స్వరూప. బడిలో పాటలు నేర్పుతాను. ఊరుమ్మడి కీబోర్డు నా దగ్గరే ఉంటుంది కాబట్టి పెళ్లిళ్లకూ చావులకూ నేనే వాయిస్తాను. ఎవరైనా అడిగి తీసుకెళ్లి మీటలన్నీ తిప్పేస్తే మళ్లీ సరిగా పెట్టుకోవడానికి ఇలా రాసుకుంటాను.

రెవర్బ్ అంటే గొంతుకు గది కట్టివ్వడం. మా బడి కప్పు చెయ్యెత్తితే తగులుతుంది. ఏం పాడినా గోనెసంచిలో పాడినట్టుంటుంది. రెవర్బ్ ముప్పైకి పెడితే పిల్లల గొంతులు పెద్ద మంటపంలో పాడినట్టు విచ్చుకుంటాయి. కోరస్ పది పెడితే ఒక్క తీగ నాలుగు తీగలై పలుకుతుంది. ఇవన్నీ కూరలో ఉప్పూకారాల్లాంటివి. ఎంత వెయ్యాలో వండేవాళ్లు చూసుకుంటారు.

ఈ హాయి ఏమిటో చూద్దామని సన్నాయి స్వరం ఎంచుకుని, హాయిని నూటికి తిప్పాను. సన్నాయిలో ఉండే ఆ కోత మాయమైంది. స్వరాన్ని ఊపితే ఊగలేదు, ఇస్త్రీ చేసిన గుడ్డలా చదునుగా వచ్చింది. మెల్లగా తాకినా గట్టిగా కొట్టినా ఒకటే చప్పుడు. ముందు వరసలో పిల్లలు ఆవలించారు. వెంటనే సున్నాకు తిప్పి, పాఠం మొదలుపెట్టాను.


మొలకలు వచ్చాక

రెవర్బ్ ఇరవై, కోరస్ పది, హాయి నలభై. ఆ నలభై నేను పెట్టింది కాదు.

రెండో సొరంగంలో పెళ్లి. ముహూర్తం దగ్గరపడ్డాక స్విచ్ వేశాను. హాయిని సున్నాకు తిప్పబోతే నలభై దగ్గర ఆగిపోయింది. ఎంత తిప్పినా కిందికి దిగలేదు. తాళి కట్టేటప్పుడు సన్నాయి మోగాలి కదా! మోగింది, దిండు కింద మోగినట్టు.

పెళ్లికొడుకు మేనమామ నా పక్కకు వచ్చి వంగాడు. "ఏందక్కా, సన్నాయికి సర్ది జేసిందా? ముక్కుల కెల్లి పల్కుతున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. పెళ్లికూతురు కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అక్షింతలు పడగానే లేచి నేరుగా మండలి ఆఫీసుకు వెళ్లాను.

ధ్వని అధికారి శ్రీకర్ కుర్చీ చూపించాడు. మర్యాదస్తుడు. సంగీతం కూడా నేర్చుకున్నాడట.

"స్వరూపగారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఏడుపో కేకో వింటే మనిషికి ఊపిరి వేగం పెరుగుతుంది. ఇంతమంది ఊపిరి ఒక్కసారి పెరిగితే ఫ్యాన్ల మీద ఎంత బరువు పడుతుందో ఆలోచించండి. మెత్తని చప్పుళ్లు వింటే తక్కువ గాలితో సరిపోతుంది. లెక్కలు చూసే ఈ పని చేశాం."

"ఫ్యాన్లకు బరువైతే ఫ్యాన్లు బాగుచెయ్యండి."

"మోటార్లు పాతవండీ. మార్చడానికి టైం పడుతుంది."

"మా గొంతులు మార్చడానికి పట్టలేదేం?"

అతను కూజా వైపు చెయ్యి చాపాడు. నీళ్లు తాగుతారా అని అడిగాడు. మోటారు మార్చడం చేతకాక మా ఊపిరి కోస్తున్నారు, పైగా దానికి హాయి అని పేరు! వద్దని లేచి వచ్చేశాను.


సజ్జ మోకాలెత్తు పెరిగింది

రెవర్బ్ సున్నా, కోరస్ సున్నా, ట్రెబుల్ మొత్తం. అయినా లాభం లేదు.

తెర మీద హాయి అనే మాటే లేదు. తీసేశారనుకుని సంబరపడ్డాను. ఒక్క మీట నొక్కగానే తెలిసింది, తీసేసింది దాన్ని కాదు, దాన్ని తగ్గించే దారిని. ఆ పూటే స్పీకర్లలో చెప్పారు. ఇకమీదట వాయిద్యాలు, మైకులు, సొరంగాల్లోని స్పీకర్లు, అన్నిటికీ హాయి పూర్తిగా ఉంటుందట. ఎవరూ ఏమీ తిప్పుకునే పని లేదట. చెప్పిన గొంతు ఎంత తియ్యగా ఉందో!

ఇవాళ మూడో సొరంగంలో ముసలాయన ఒకరు పోయారు. మా ఊళ్లో చావు జరిగితే ఈరవ్వ శోకం తీస్తుంది. పోయినవాళ్లు ఏ పొలంలో ఏం చేశారో, ఎవరితో ఎట్లా పోట్లాడారో, ఎవరికి ఏం పెట్టారో ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఏడుస్తుంది. నేను కింద శ్రుతి పట్టుకుంటాను. ఆమె మైకు నా కీబోర్డుకే తగిలించి ఉంటుంది. సొరంగం పొడుగునా గుమ్మాల్లో కూర్చున్నవాళ్లకు స్పీకర్లలోంచే వినబడుతుంది.

ఈరవ్వ గొంతెత్తింది. ఎదురుగా కూర్చున్న నాకు ఆమె మెడ నరాలు ఉబ్బడం, గొంతు చీలడం కనిపిస్తూనే ఉంది. స్పీకర్లోంచి మాత్రం పిల్లను జోకొడుతున్నట్టు వచ్చింది. వెక్కిన చోట వెక్కు లేదు. విరిగిన చోట అతికించి ఉంది. దూరంగా కూర్చున్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో ఆవలించారు.

ఈరవ్వ ఆపేసింది.

"ఏందే స్వరూపా, నా ఏడ్పును జోలపాట జేస్తివి?"

"నేను చేయలేదు ఈరవ్వా. మండలోళ్లు పెట్టిండ్రు. తీద్దామంటే నాకు వస్తలేదు."

"నీ చేతులున్న మీటలు నీకు రాకపోవుడేంది?"

ఆమె కూతురు సుజాత వచ్చి, "అమ్మా, అక్కనెందుకంటవు" అంటూ తల్లిని పక్కకు తీసుకెళ్లింది. ఈరవ్వ మైకు లేకుండానే ఆ పక్కన కూర్చున్న నలుగురికీ వినబడేటట్టు ఏడ్చింది. ముసలాయన కొడుకు సొరంగం అవతలి చివర ఉన్నాడు, అతనికి ఒక్క మాటా అందలేదు.

ఇంటికి వచ్చాక ఉన్న దారులన్నీ వెతికాను. ట్రెబుల్ నిండా పెంచితే స్వరం కోసుకొస్తుందనుకున్నాను, రాలేదు. గరగరలాడించే డిస్టార్షన్ పెట్టాను. గరగర కూడా గంధం తీసినట్టు నున్నగా వచ్చింది. ఎఫెక్టుల వరస మార్చి చూశాను. ఏది ముందు పెట్టినా ఏది వెనక పెట్టినా, హాయి అన్నిటికంటే చివర కూర్చుంది. లోపల నేను ఏం చేసినా బయటికి వెళ్లేది దాని చేతుల మీదుగానే.


సజ్జ వెన్ను తీస్తోంది

కీబోర్డు ముట్టుకోలేదు.

పదకొండు మంది చనిపోయారు. వాళ్లలో ఈరవ్వ కూతురు సుజాత ఉంది.

పగలు, ఊరంతా పడుకున్న వేళ. మూడో సొరంగానికి గాలి పంపే ఫ్యాను ఆగిపోయింది. అట్లా ఆగితే ఫ్యాన్ల గదిలో ఉన్నవాళ్లు సైరన్ నొక్కాలి. ఆ గది ఇనుప తలుపుల వెనక ఉంటుంది కాబట్టి, సైరన్ మోతను అక్కడి మైకు పట్టుకుని సొరంగాల్లోని స్పీకర్లన్నిటికీ పంపుతుంది. వినగానే జనం లేచి పెద్ద దారిలోకి పరిగెత్తాలి. చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ మూడో సొరంగంలో ఎవరూ పరిగెత్తలేదు. తల నొప్పితో మెలకువ వచ్చిన కొందరు పక్కవాళ్లను ఈడ్చుకుంటూ బయటపడ్డారు. లోపలి చివర ఉన్నవాళ్లకు మెలకువే రాలేదు.

ఆ వేళ ఫ్యాన్ల గదిలో ఉన్నది నా తమ్ముడు ఓదెలు.

సైరన్ మోగలేదని మండలి అంటోంది. బతికి బయటపడ్డవాళ్లు కూడా అదే చెబుతున్నారు. ఆ పగలు పెద్ద చప్పుడేదీ రాలేదని స్పీకర్ల యంత్రంలో నమోదైందట. ఓదెలు డ్యూటీలో నిద్రపోయాడని తేల్చి, సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. విచారణలో తప్పు రుజువైతే పైకి పంపి తలుపులు వేసేస్తారు. ఈ ఎండల్లో పగటిపూట పైన ఉండిపోవడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

తమ్ముడికి అన్నం తీసుకెళ్లాను. ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"నొక్కిన అక్కా. ఫ్యాను ఆగంగనే నొక్కిన. ఆ గదిల నా చెవులు చిల్లులు వడ్డయి. ఎవ్వలు నమ్ముతలేరు. నువ్వన్న నమ్ము."

"నమ్ముతున్నరా."

"మరి వాళ్లకు ఎందుకు ఇనవడలే?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పగలు మొదటి సొరంగంలో పడుకున్న నాకు నిద్రలో ఏదో వినిపించింది. సన్నగా, పొడుగ్గా, ఎవరో దూరం నుంచి వేణువు ఊదుతున్నట్టు. బాగుందనిపించి అటు తిరిగి పడుకున్నాను. బయటపడ్డవాళ్లలో ఇద్దరు కూడా "ఏదో పాట వచ్చింది" అన్నారు. మత్తులో ఉన్నారులే అని ఎవరూ పట్టించుకోలేదు.

చేతిలో గిన్నె అక్కడే పెట్టి శ్రీకర్ దగ్గరికి పరుగెత్తాను.

"స్పీకర్లన్నిటికీ హాయి పెట్టారు కదా. సైరన్‌ను అందులోంచి తప్పించారా?"

అతని మొహంలో రంగు పోయింది. లేచి వెళ్లి గది తలుపు మూశాడు.

"తప్పించారా, లేదా?"

"స్వరూపగారూ, ఈ మాట విచారణలో అనకండి. జనం కంగారు పడితే ఊపిరి..."

ఊపిరి మాట పూర్తి కానివ్వలేదు. బల్ల మీద గట్టిగా చరిచాను. "ఆ పదకొండు మంది ఊపిరి మిగిలింది కదా మీకు, దాన్ని వాడుకోండి!" అన్నాను. నా జన్మలో ఎవరితోనూ అంత గట్టిగా మాట్లాడలేదు.


విచారణ రోజు

మైకు ఇన్‌పుట్ మొత్తం. మిగతావన్నీ సున్నా.

పొలానికి వెళ్లేముందు, సాయంత్రం, మొదటి సొరంగంలోని హాల్లో విచారణ పెట్టారు. ఊరంతా వచ్చింది. సభ మొదట్లో పాట వాయించడానికి నన్ను పిలిచారు కాబట్టి కీబోర్డు వేదిక పక్కనే ఉంది. మండలి అధ్యక్షురాలు వసుంధర మధ్యలో కూర్చుంది. ఓదెలును ఇద్దరు కావలివాళ్లు తీసుకొచ్చి నిలబెట్టారు. ముందు వరసలో ఈరవ్వ. వాడి వైపు కన్నెత్తి చూడలేదు.

పాటకు బదులు నేను మాట్లాడాను. సైరన్ మోగిందని, హాయి దాన్ని జోలపాట చేసిందని చెప్పాను.

"స్వరూపగారూ, మీరు ఓదెలుకు అక్క. మీ బాధ మేం అర్థం చేసుకోగలం. కానీ ఇది ఊహ" అంది వసుంధర.

"ఊహ కాదు మేడం. ఈ పక్క సామాన్ల గదిలో చేత్తో తిప్పే పాత సైరన్ ఉంది. మా తమ్ముడు లోపల తిప్పుతాడు. నా మైకు తీగ తలుపు కిందనుంచి లోపలికి పంపుతాను. తలుపు మూస్తే లోపలి మోత ఇటు రాదు. స్పీకర్లో ఏమొస్తుందో అందరం విందాం."

"సభలో ఇలాంటివి కుదరవు. జనం భయపడతారు."

ఈరవ్వ లేచి నిలబడింది.

"మోగియ్యిండ్రి" అంది. "నా బిడ్డ సచ్చేముందు ఏం ఇన్నదో నేను ఇనాలె."

వసుంధర కాదనలేకపోయింది. కావలివాళ్లు ఓదెలును లోపలికి పంపి తలుపు వేశారు. రబ్బరు అంచు బిగుసుకుంది. నేను మైకు మీట పైకి జరిపాను.

స్పీకర్లోంచి సన్నని నాదం మొదలైంది. మెల్లగా లేచి, మెల్లగా వంగి, ఎక్కడా తెగకుండా సాగింది. నిజం చెప్పాలంటే చెవికి బాగుంది. సభ మొదలైనప్పటి నుంచి ఒక తల్లి ఒళ్లో ఏడుస్తున్న పసివాడు ఏడుపు మాని, కళ్లు మూసుకున్నాడు. మూడో సొరంగం నుంచి బయటపడ్డ మనిషి ఒకతను లేచి, "గిదే పాట! ఆనాడు ఇన్నది గిదే!" అని అరిచాడు.

"ఆపండి. హాయి తగ్గించండి" అంది వసుంధర.

"తగ్గించడానికి నా చేతిలో ఏముంది మేడం? మీరేగా దారి తీసేశారు?"

కావలివాళ్లకు చెయ్యి ఊపాను. వాళ్లు తలుపు తీశారు.

సైరన్ హాల్లోకి దూకింది. కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. సగం మంది గుమ్మం వైపు పరుగెత్తారు. పసివాడు ఉలిక్కిపడి కెవ్వుమన్నాడు. లోపల ఓదెలు కళ్లు మూసుకుని, చెమటలు కారుతూ, ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుంటే గానీ ఆపలేదు.

చెవుల్లో హోరు తగ్గాక శ్రీకర్ లేచాడు.

"సైరన్‌ను తప్పించలేదు. తప్పించాలంటే ప్రతి స్పీకర్‌నూ విప్పాలి. నేను అడిగాను. కోతలయ్యాక చూద్దామన్నారు. స్పీకర్ల యంత్రంలో నమోదయ్యేది కూడా హాయి దాటి వచ్చిన చప్పుడే. ఓదెలు తప్పు లేదు."

ఎవరన్నారు అని అడగాల్సిన పని లేకపోయింది. అందరూ వసుంధర వైపే చూస్తున్నారు.

ఈరవ్వ ఓదెలు దగ్గరికి నడిచింది. వాడు తల దించుకున్నాడు. ఆమె వాడి చేతులు తీసుకుని తిప్పి చూసింది. పిడి రాసుకుని అరచేతులు కందిపోయాయి. కొంగుతో తుడిచింది.

"నిన్ను శానా తిట్టిన కొడుకా" అంది.


కోత ఆగిన రోజు

కీబోర్డు సంచిలోనే ఉంది.

ఓదెలు ఇంటికి వచ్చాడు. మూడో సొరంగం ఫ్యాను మళ్లీ తిరుగుతోంది. స్పీకర్లు విప్పే పని మొదటి సొరంగం నుంచి మొదలుపెట్టారు. మిగతా వాటిలో హాయి ఇంకా అలాగే ఉంది. ఇంతలో ఒక సాయంత్రం వసుంధర స్పీకర్లలో క్షమాపణ చెప్పింది.

'మీ దుఃఖంలో మేమూ భాగస్వాములం. జరిగిన దానికి ఎంతో విచారిస్తున్నాం.' మూడో సొరంగంలో, ఆ పదకొండు ఇళ్ల ముందు, ఆ మాటలు పన్నీరు చల్లినట్టు పడ్డాయి. ఆమె నిజంగా ఏడ్చిందో, కాగితం చూసి చదివిందో దేవుడికే తెలియాలి.

ఈరవ్వ కూతురి గుమ్మంలోంచి లేచి, స్పీకర్ తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తరువాత పక్కింటివాళ్లు గుంజారు. ఆ తరువాత ఎదురింటివాళ్లు. పైన సజ్జ పండి ఉంది, గింజ రాలే సమయం. అయినా ఆ సాయంత్రం ఒక్కరూ కొడవలి పట్టలేదు. ఊరంతా పెద్ద దారిలో కూర్చుంది. శ్రీకర్ వచ్చి, "ఏం కావాలి మీకు?" అని అడిగాడు.

"ఆమెను గీడికి రమ్మను. ఉత్త గొంతుతోని చెప్పుమను" అంది ఈరవ్వ.

శ్రీకర్ వెళ్లాడు. చాలాసేపు ఎవరూ రాలేదు. ఎవరో నీళ్లు పంచారు. చివరికి వసుంధర ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. మైకు లేదు, చేతిలో కాగితం లేదు. మూడో సొరంగం మొదట్లో నిలబడి నోరు తెరిచింది. మాట గీరుకుపోయి, కీచుగా, మధ్యలో విరిగిపోతూ వచ్చింది. ఆమె అసలు గొంతు అలా ఉంటుందని మాకెవరికీ తెలియదు.

"నేనే వద్దన్నాను. కోతలయ్యాక చూద్దామన్నది నేనే. పనులు ఆగుతాయని... సుజాత, మిగతా పదిమంది... నా వల్లనే పోయారు."

ఇంక మాట్లాడలేక గోడ పట్టుకుంది. ఈరవ్వ ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది.

"గిప్పుడు ఇనవడ్డది" అంది. "మాఫ్ జేసిన్నంటలేను. ఇనవడ్డదంటున్న."

వసుంధర పదవి దిగిపోయింది. కొత్తవాళ్లు వచ్చేదాకా ఊరే చూసుకోవాలి. మరుసటి పూట శ్రీకర్ నా దగ్గరికి వచ్చాడు. హాయిని మొత్తం తీసేయకుండా ఎవరికి కావలసినంత వాళ్లు పెట్టుకునేట్టు ఉంచుదామా అని అడిగాడు. నిద్రపట్టనివాళ్లకు పనికొస్తుందట.

"ఇళ్లలో ఉంచుకోండి. సైరన్‌లో, మైకుల్లో, నా కీబోర్డులో వద్దు. తీసేశాక నాకు చూపించండి" అన్నాను. నా ఎదురుగానే కూర్చుని తీశాడు. ఇప్పటికీ అతన్ని చూస్తే నాకు కోపమే. కానీ పని మాత్రం శుభ్రంగా చేశాడు.


కోతలు అయ్యాక

రెవర్బ్ సున్నా, కోరస్ సున్నా. ఏమీ కలపొద్దంది ఈరవ్వ.

ఇవాళ ఆ పదకొండు మందికి శోకం పెట్టుకున్నాం. చావు నాడు పెట్టుకోలేకపోయాం. నేను శ్రుతి పట్టాను. ఈరవ్వ పది మంది పేర్లు చెప్పి, ఒక్కొక్కరి గురించి చెప్పి, చివర సుజాత దగ్గరికి వచ్చింది. ఆమె చీలిన గొంతు చీలినట్టే, హాయి తీసి మళ్లీ తగిలించిన స్పీకర్లలోంచి మూడు సొరంగాలకూ వెళ్లింది. అవతలి చివర కూర్చున్నవాళ్లు కూడా ఒకేసారి ఏడ్చారు. నా వేలు జారి శ్రుతి తప్పింది. సరిచేయలేదు.

గోడ మీద, గాలి ఎంత మిగిలిందో చూపే ముల్లు ఎరుపులోకి జరిగింది. ఇన్నాళ్లూ ఆ ముల్లు చూపించే కదా మమ్మల్ని భయపెట్టారు! దారి చివర శ్రీకర్ దాన్ని చూసి కంగారుగా ఫ్యాన్ల గదికి ఫోన్ చేశాడు. ఫోన్ స్పీకర్లో, మళ్లీ డ్యూటీకెక్కిన ఓదెలు గొంతు వినిపించింది.

"ఎర్రకొచ్చింది, నాకు గూడ కనవడ్తున్నది సార్. వాళ్లను ఏడ్వనియ్యిండ్రి. ఫ్యాను నేను పెంచుత."

కాసేపటికి సొరంగంలోకి చల్లని గాలి విసురుగా వచ్చింది. ఈరవ్వ చెంపల మీది వెంట్రుకలు ఎగిరాయి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని, సుజాత చిన్నప్పటి సంగతి మొదలుపెట్టింది.